పేరు మారిన మల్లుడు

దీపావళి సెలవులలో మా సూరతు టౌన్‌షిప్‌లోని ఒక మిత్రుని ఇంట జరిగిన కాలక్షేపమును గురించి ఈ సంచికలో ముచ్చటింపదలచితిమి. మిత్రుని కుమారుడు జపానులో ఉద్యోగము చేయుచున్నాడు. ఈసారి వచ్చునపుడు పాత వస్తువుల దుకాణములో కొన్న ఆటపెట్టె నొకదానిని వెంట తెచ్చినాడు. దాని పేరు సూపర్ ఫామికాం. నింటెండో సంస్థ 1990 నవంబరులో జపానులో విడుదల చేసిన యంత్రమది. 1990లలో మన పిల్లలు టి.వి.కి తగిలించుకొని ఆడిన పెట్టెలలో చాలా వరకు, అంతకు ముందు 1983లో వచ్చిన ఫామికాంకు నకళ్లు. ఇది దాని తమ్ముడన్నమాట.

అబ్బాయి ఉత్సాహముతో ఎడాప్టరును గోడ ప్లగ్గులో పెట్టబోగా మేము చేయి పట్టుకొని ఆపినాము. జపానులో ఇండ్లకు వచ్చునది 100 వోల్టులు, మనకు 230. అట్లే పెట్టియున్నచో ఆట పొగతో ముగిసియుండెడిది. మా స్టోరులోని స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మరును తెప్పించి ఆ గండము గడిపినాము. విదేశముల నుండి పరికరములు తెప్పించుకొను మిత్రులు వెనుకనున్న రేటింగు పలకను ముందు చదువవలెనని మనవి.

ఇక ఆట సంగతి. రూమికో తకహాషి అను రచయిత్రి 1987 నుండి 1996 వరకు ఒక వారపత్రికలో ‘రన్మా ½’ అను హాస్య చిత్రకథను ధారావాహికముగా వ్రాసినారు. 1989లో అది టి.వి. ధారావాహికగా వచ్చినది. రన్మా కుస్తీలో ఆరితేరిన కుర్రవాడు. చైనాలో ఒక శాపగ్రస్తమైన మడుగులో పడినందున, చన్నీళ్లు తగిలినచో ఆడపిల్లగా మారిపోవును. వేన్నీళ్లు పోసిన మరల మగవాడగును. తండ్రి పడినది వేరొక మడుగు. ఆయన పాండా యగును! మనకిది కొత్త హాస్యము కాదు. ‘మాయాబజార్’లో ఘటోత్కచుడు శశిరేఖ రూపములో తిరుగుచుండగా, ఆ సుకుమారమైన ఆకారములో రాక్షసుని నడకను సావిత్రి గారు చూపినపుడు నవ్వని తెలుగువారెవరు? రన్మా కథలోని చమత్కారమంతయు అటువంటిదే.

ఈ కథపై సూపర్ ఫామికాంకు 1992లో ఒక కుస్తీ ఆట వచ్చినది. దాని జపాను పేరు ‘చోనాయ్ గెకితో హెన్’. వాడలో జరుగు ఘోర పోరాటమని స్థూలముగా దాని అర్థము. అమెరికాలో 1993లో ఐరెమ్ అను సంస్థ దీనిని విడుదల చేసినది. అక్కడివారికి రన్మా ఎవరో తెలియదనుకొన్నారు కాబోలు, పేరును ‘స్ట్రీట్ కాంబాట్’గా మార్చి, పాత్రల నన్నింటిని తీసివేసి కొత్త బొమ్మలు పెట్టినారు. రన్మా స్థానములో స్టీవెన్ అను కవచధారి వచ్చినాడు. చన్నీళ్లు లేవు, వేన్నీళ్లు లేవు, మడుగు లేదు.

ఇంజనీరుగా మమ్ము ఆకర్షించినది ఆ పని ఎట్లు సాధ్యమైనదను విషయము. తెరపై కనబడు మల్లుడు ఒకే చిత్రము కాడు. 8 చుక్కలు అడ్డము, 8 చుక్కలు నిలువు గల చిన్న చిన్న పలకలుగా అతనిని కోసి చిప్పులో దాచుదురు. యంత్రము వానిని సెకనుకు 60 మార్లు పేర్చి తెరపై చూపును. ఎంత ఎత్తు ఎగురవలెను, దెబ్బ ఏ క్షణమున తగులవలెను అనునవి ప్రోగ్రాములో వేరుగా నుండును. కావున పోరాటమును పెద్దగా ముట్టుకొనకయే మనిషిని మార్చవచ్చును. ఇక్కడి లింబాయత్‌లో మగ్గములపై బ్రతుకుచున్న మన పద్మశాలీలకు ఈ సంగతి వివరింప పనిలేదు. జకార్డు మగ్గమునకు అట్టలు మార్చినచో నెమలి పోయి మామిడిపిందె వచ్చును. మగ్గము అదే, పడుగు అదే, నేసెడి చేయి అదే.

అయితే అబ్బాయి కంప్యూటరులో స్టీవెన్ ఆటను కూడ చూపినపుడు మాకు కలిగినది ఆశ్చర్యము కాదు, విసుగు. ఎగురుట అదే, తన్నుట అదే. కాని ఎందుకు తన్నుకొనుచున్నారో తెలియదు. ఆటగా చూచినచో అసలుది కూడ మధ్యరకమే. 1991 నాటి ‘స్ట్రీట్ ఫైటర్ 2’ ముందు నిలువదు. ఆ లోపములను ఇన్నాళ్లు కప్పినది నవ్వు. నవ్వును తీసివేయగానే కీళ్లన్నియు బయటపడినవి. విచిత్రమేమనగా, దీని తరువాయి ఆటయైన ‘హార్డ్ బ్యాటిల్’ అదే 1993లో అమెరికాకు రన్మా పేరుతోనే, సొంత బొమ్మలతోనే వెళ్లినది.

పేరు మార్చుట యన్న మాకొక పాత సంగతి గుర్తుకు వచ్చినది. మేము సూరతు వచ్చిన కొత్తలో ఒక కార్యాలయములో ఫారము నింపుచు, మన అలవాటు చొప్పున ఇంటిపేరు ముందు, పేరు తరువాత వ్రాసినాము. గుజరాతులో పేరు ముందు, తండ్రి పేరు నడుమ, ఇంటిపేరు చివర. గుమాస్తా తన లెక్కన చదువుకొని మా ఇంటిపేరును పేరుగాను, పేరును ఇంటిపేరుగాను ఎక్కించినాడు. దిద్దించుకొందమని వాయిదా వేసితిమి. అంతలో ఆ కాగితము చూచి బడిలో పిల్లవాని పేరు వ్రాసినారు. మా అబ్బాయికి నేటికిని ఇంటిపేరు మా పేరే. తాతగారి ఊరిలో పెండ్లి పత్రికలో ఒక పేరు, పాస్‌పోర్టులో వేరొక పేరు. వాడు ఆ సంగతి ఎన్నడును ఎత్తలేదు. మేమును ఎత్తలేదు.

చివరకు అబ్బాయి ‘హార్డ్ బ్యాటిల్’ పెట్టినాడు. అంతవరకు జపమాల త్రిప్పుకొనుచున్న మిత్రుని తల్లిగారు తెరవైపు చూచి, “ఆ ఎలుగుబంటి ఎవర్రా?” అని అడిగినారు.

“వాళ్ల నాన్న, నాయనమ్మా.”

“ఎవరి నాన్న?”

“వాడి నాన్నే. చన్నీళ్లు పడితే అలా అయిపోతాడు. వేన్నీళ్లు పోస్తే మళ్లీ మనిషవుతాడు.”

ఆమె కొంతసేపు చూచినారు. పాండా తండ్రి కొడుకు చేత చావుదెబ్బలు తినుచున్నాడు. “మరి చూస్తూ కూర్చున్నారేంరా, ఎవరైనా ఓ చెంబెడు వేన్నీళ్లు పోయండి పాపం!” అన్నారు.