లాంచీలు రానీయండి, ఒడ్డున ఉన్న ఊళ్లను కలుపుకోండి

ఇటీవలి కాలంలో నీటి మీద విహార యాత్రలకు గిరాకీ బాగా పెరిగింది. ఈ యాత్రలు ఇప్పుడు రెండు దారుల్లో నడుస్తున్నాయి. ఒకటి పెద్ద ఓడల దారి. 2024 జనవరిలో యాత్రలు మొదలుపెట్టిన 'ఐకాన్ ఆఫ్ ది సీస్' అనే ఓడలో 7,600 మంది వరకు ప్రయాణికులు పడతారు. మన వైపు నాలుగైదు ఊళ్ల జనాభా ఒక్క ఓడలో సరిపోతుందన్నమాట. రెండవది చిన్న ఓడల దారి. పదుల సంఖ్యలో జనాన్ని ఎక్కించుకుని, పెద్ద ఓడలు పోలేని నదుల్లోకీ కాలువల్లోకీ పోవడం వీటి పని. పెద్ద ఓడల తాకిడికి విసిగిన ఇటలీ ప్రభుత్వం, 25,000 టన్నులు దాటిన ఓడలు వెనిస్ నగరం ముందున్న జూడెక్కా కాలువలోకి రాకుండా 2021 ఆగస్టు 1 నుంచి నిషేధించింది. చిన్న ఓడలకు ఆదరణ పెరగడానికి ఇటువంటివి కూడా కారణాలే.

మన దేశంలోనూ ఈ గాలి వీస్తోంది. 2023 జనవరి 13న వారణాసిలో ప్రధానమంత్రి ప్రారంభించిన 'గంగా విలాస్' అందుకు ఉదాహరణ. 18 గదులు, 36 మంది యాత్రికులు, 51 రోజులు, సుమారు 3,200 కిలోమీటర్ల ప్రయాణం. గంగలో బయలుదేరి, బంగ్లాదేశ్ మీదుగా వెళ్లి, బ్రహ్మపుత్రలో దిబ్రూగఢ్ చేరింది. ఆ ఓడ నీటిలో మునిగే లోతు ఒకటిన్నర మీటరు కూడా లేదు. అందువల్లనే ఇసుక మేటలున్న నదిలోనూ దానికి దారి దొరికింది. 2024 సెప్టెంబరులో కేంద్రం 'క్రూయిజ్ భారత్ మిషన్' అనే కార్యక్రమాన్ని కూడా ప్రారంభించింది. సముద్ర యాత్రలతో పాటు నదీ యాత్రలను పెంచడమూ దాని ఉద్దేశమే.

గోదావరి ఒడ్డున పుట్టినవారికి ఇదేమీ కొత్త కాదు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన తరువాత తవ్విన కాలువలు పొలాలకు నీరివ్వడంతో సరిపెట్టుకోలేదు. లాకులు దాటుకుంటూ పడవలు ఆ కాలువల్లోనే ధాన్యాన్నీ మనుషులనూ చేరవేశాయి. రాజమండ్రి నుంచి భద్రాచలం దాకా లాంచీలో పోయిన పెద్దలు ఇప్పటికీ మన ఊళ్లలో ఉన్నారు. 1973లో వచ్చిన 'అందాల రాముడు' సినిమా కథ చాలా భాగం ఆ లాంచీ ప్రయాణంలోనే నడిచింది. అప్పుడు అవసరం కోసం ఎక్కాము, ఇప్పుడు సరదా కోసం ఎక్కుతున్నాము. పాపికొండలు చూడడానికి హైదరాబాదు నుంచి, బెంగుళూరు నుంచి జనం వస్తున్నారు. సంతోషమే.

అయితే ఇక్కడ ఒక సంగతి ఆలోచించవలసి ఉంది. పెద్ద ఓడకు పెద్ద రేవు కావాలి. దాని చుట్టూ అధికారులు, పోలీసులు, ఆసుపత్రులు ఉంటాయి. చిన్న లాంచీకి అవేవీ అక్కరలేదు, ఇసుక తిన్నె దగ్గర తాడు కట్టినా చాలు. దాని సుఖమూ అదే, ప్రమాదమూ అదే. ఆపద వచ్చినప్పుడు దానికి దగ్గరలో ఉండేది ఒడ్డున ఉన్న ఊరు మాత్రమే. ఆ ఊరికి మాత్రం ఈ వ్యవహారంలో ఏ పాత్రా లేదు.

2019 సెప్టెంబరు 15 ఆదివారాన్ని ఈ ప్రాంతం మరచిపోలేదు. ధవళేశ్వరం దగ్గర అయిదు లక్షల క్యూసెక్కులకు పైగా వరద పోతున్న రోజున, గండి పోచమ్మ గుడి దగ్గర నుంచి విహార లాంచీ బయలుదేరింది. దేవీపట్నం మండలం కచ్చులూరు మందం వద్ద సుడిలో చిక్కుకుని బోల్తా పడింది. లాంచీలో ఉన్న 77 మందిలో బతికి బయటపడినవారు 26 మంది మాత్రమే. ఎందరు ఎక్కారన్నది మొదట ఒక లెక్క, తరువాత మరో లెక్క వినవలసి వచ్చింది. లైఫ్ జాకెట్లు లాంచీలో ఉన్నా, ఆ సమయానికి చాలామంది ఒంటి మీద లేవని బయటపడినవారే చెప్పారు.

ఆ రోజు ముందుగా చేరినవారు ఎవరు? కచ్చులూరు గిరిజనులు. నాటు పడవలు వేసుకుని వరదలోకి వెళ్లి దొరికినవారిని దొరికినట్టు ఒడ్డుకు చేర్చారు. తరువాత జాతీయ విపత్తు దళం, నౌకాదళం వచ్చి గాలించాయి. మునిగిన లాంచీని 38వ రోజున, అంటే అక్టోబరు 22న, బయటికి లాగింది కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం. ఇనుప తాళ్లు, లంగర్లు, నీటి తీరు తెలిసిన మనుషులు, ఇవే వారి సాధనాలు. ఏటి సంగతి ఏటి ఒడ్డు వారికి తెలిసినంతగా మరొకరికి తెలియదనడానికి ఇంతకన్న సాక్ష్యం అక్కరలేదు.

పోనీ ఇది ఒక్కటే అయితే దురదృష్టం అనుకోవచ్చు. అంతకు ముందే 2017 నవంబరు 12న కృష్ణలో ఇబ్రహీంపట్నం ఫెర్రీ దగ్గర అనుమతి లేని పడవ బోల్తాపడి 20 మందికి పైగా చనిపోయారు. 2018 మే 15న గోదావరిలో మంటూరు దగ్గర గాలివానకు లాంచీ మునిగింది. వానకు తలుపులూ కిటికీలూ మూసుకోవడంతో లోపలివారు బయటపడే దారి లేకపోయింది. వారు విహారానికి వచ్చినవారు కూడా కారు, పని చూసుకుని ఇళ్లకు పోతున్న ఊరివారు. ప్రమాదం జరిగిన ప్రతిసారీ లాంచీలు ఆపివేయడం, విచారణ జరపడం, కొంతకాలానికి మళ్లీ వదలడం. గతజల సేతుబంధనం అంటే ఇదే.

కచ్చులూరు తరువాత రేవుల దగ్గర కంట్రోల్ రూములు పెట్టారు. 2021 నవంబరులో లాంచీలు మళ్లీ తిరగడం మొదలయింది. వరద వస్తే ఆపుతున్నారు. అదే సంవత్సరం 1917 నాటి పాత చట్టాన్ని తీసివేసి పార్లమెంటు కొత్త అంతర్దేశీయ నౌకల చట్టం చేసింది. లాంచీకి రిజిస్ట్రేషను, తనిఖీ పత్రం, సరంగుకు అర్హత, ప్రయాణికులకు బీమా, ఇవన్నీ అందులో ఉన్నాయి. ఇంజను లేని నాటు పడవలను పంచాయతీ స్థాయిలోనే నమోదు చేయవచ్చునని కూడా ఆ చట్టం చెబుతోంది. అంటే పంచాయతీకి నదితో సంబంధం ఉందని చట్టమే ఒప్పుకున్నది. ఆ సంబంధాన్ని లాంచీల దాకా ఎందుకు పొడిగించకూడదు?

ఇందుకు కోట్లు అక్కరలేదు. మొదటిది, రేవులో లాంచీ కదిలే ముందు ఎక్కినవారి జాబితా ఒక ప్రతి రేవు ఉన్న పంచాయతీకి అందాలి. తలలు లెక్కించి, జాకెట్టు కట్టుకున్నారో లేదో చూసి సంతకం పెట్టేవారిలో ఊరివాడు ఒకడు ఉండాలి. రెండవది, దారిలో ఉన్న ప్రతి ఊళ్లో నది తీరు తెలిసిన నలుగురిని ఎంపిక చేసి, శిక్షణ ఇచ్చి, జీతం ఇచ్చి, చేతికి వైర్‌లెస్ సెట్టు, తాళ్లు, తేలే ట్యూబులు ఇవ్వాలి. సుడి లేచిన చోటు, మేట మారిన చోటు వారు చెప్పిన మీదటనే లాంచీ ముందుకు సాగాలి. మూడవది, యాత్రికుడు కట్టే టిక్కెట్టులో కొంత భాగం ఆ ఊళ్లకు చేరాలి.

ఈ మూడవ దానికి కొందరు నొసలు చిట్లించవచ్చు. కాని ఒక్కసారి ఒడ్డు వైపు చూడండి. పోలవరం కాఫర్ డ్యాం కట్టిన తరువాత వరద నీరు వెనక్కి ఎగదన్ని దేవీపట్నం వైపు ఊళ్లను ముంచింది. ఇల్లూ పొలమూ వదలి పునరావాస కాలనీలకు పోయిన కుటుంబాలు ఎన్నో. పేరంటాలపల్లి ఒడ్డున కొండరెడ్లు వెదురుతో చేసిన పూలూ బుట్టలూ యాత్రికులకు అమ్ముకోవడం అందరూ చూసినదే. లాంచీ రాబడిలో వారికి దక్కుతున్నది అంతమాత్రమే. వారి కొండనూ వారి నదినీ చూపించి సంపాదించే వ్యాపారంలో వారికి వాటా అడగడం దానం అడగడం కాదు.

ఊరివాళ్ల చేతికి పెత్తనం ఇస్తే రాజకీయాలు చేరతాయనీ, లాంచీలవారిని ఇబ్బంది పెడతారనీ ఒక వాదం ఉంది. అందులో కొంత నిజం లేకపోలేదు. అందుకే అనుమతి ఇచ్చే అధికారం అధికారుల దగ్గరే ఉండనివ్వండి. ఊరికి కావలసినది లెక్క చూసే హక్కు, ప్రమాదం కనబడితే ఆపమని చెప్పే హక్కు. నియమం పాటించే లాంచీ యజమానికి దీనివల్ల నష్టం ఏమీ లేదు. ఒక్క ప్రమాదానికి రెండేళ్లు రేవు మూతపడితే నష్టపోయినవారిలో వారూ ఉన్నారు.

చిన్న ఓడల యాత్రలు ఇంకా పెరుగుతాయి. రేపు గంగలో తిరిగినటువంటి ఓడ గోదావరికీ రావచ్చు. భద్రాచలం నుంచి రాజమండ్రి వరకు గోదావరి ఇప్పటికే జాతీయ జలమార్గంలో భాగం. అది వచ్చే లోపునే ఈ ఏర్పాట్లు జరగాలి. ఏరు దాటాక తెప్ప తగలేసినట్టు, ఆపదలో ఆదుకున్న ఊళ్లను ఆదాయం వచ్చే వేళ మరచిపోవడం ధర్మం కాదు. వరద తగ్గి లాంచీలకు మళ్లీ అనుమతి ఇచ్చే ముందు పర్యాటక, జలవనరుల శాఖల అధికారులు ఒడ్డున ఉన్న పంచాయతీలను పిలిచి కూర్చోబెట్టాలి. ఈ ఊళ్ల సర్పంచులు కూడా పిలుపు వచ్చేదాకా ఆగకుండా గ్రామసభలో తీర్మానం చేసి పంపవలసి ఉంది.