నకిలీ పండుగ అనే మాట వెనక్కి తీసుకోండి

మార్చి 17 దగ్గరపడితే చాలు, ఏటా అదే విమర్శ. సెయింట్ పాట్రిక్ డే ఐర్లండ్‌లో భక్తితో జరుపుకునే పండుగ అనీ, అమెరికా చేరిన ఐరిష్ వాళ్ళు దాన్ని ఆకుపచ్చ టోపీలు, బీరు, బాజాల తంతుగా దిగజార్చారనీ అంటారు. రుజువుగా షికాగో నదిలో కలిపే ఆకుపచ్చ రంగును చూపిస్తారు. చదువుకున్నవాళ్ళు కూడా తల ఊపే ఈ వాదన చరిత్రను తలకిందులు చేస్తోంది.

ముందు తాగుడు సంగతి తేల్చుకుందాం. 1681లో ఐర్లండ్ తిరిగిన ఆంగ్ల యాత్రికుడు థామస్ డైన్లీ, పాట్రిక్ పండుగ రాత్రికి మత్తులో లేనివాళ్ళు అరుదని అప్పుడే రాసిపెట్టాడు. ఆ నింద వలసపోయినవాళ్ళ నెత్తిన రుద్దడం అన్యాయం. ఇక ఊరేగింపు. న్యూయార్క్ ఊరేగింపును 1762 నుంచి లెక్కగడతారు. అప్పుడు నడిచింది బ్రిటిష్ సైన్యంలో కొలువు చేస్తున్న ఐరిష్ సైనికులు. అదే ఐర్లండ్‌లో ఆ రోజు ప్రభుత్వ సెలవు కావడానికి 1903 దాకా పట్టింది. డబ్లిన్‌లో ప్రభుత్వం తరఫున తొలి ఊరేగింపు జరిగింది 1931లో. ఇందులో ఏది అసలు, ఏది నకలు?

వలసదారులకు ఆ ఊరేగింపు ఎందుకు అవసరమైందో అడగకుండా తీర్పు చెప్పేవాళ్ళ మీదే నా కోపం. 1844లో ఫిలడెల్ఫియాలో వలస వ్యతిరేకులు కాథలిక్ చర్చిలను తగలబెట్టారు. మరుసటి ఏడాది ఐర్లండ్‌లో బంగాళాదుంప పంటకు తెగులు సోకింది. కొన్నేళ్ళలోనే దాదాపు పది లక్షల మంది ఆకలికీ రోగాలకూ బలయ్యారు, అంతకు మించిన సంఖ్యలో జనం ఓడలెక్కారు. దిగిన చోట దొరికింది కూలిపని, దానితోపాటు ఏవగింపు. 1867లో హార్పర్స్ వీక్లీ పత్రికలో థామస్ నాస్ట్ వేసిన బొమ్మ చూడండి. పాట్రిక్ పండుగ నాడు పోలీసుల మీద విరుచుకుపడుతున్న ఐరిష్ మనుషులకు అతను కోతి ముఖాలు పెట్టాడు. అలాంటి బొమ్మలు అచ్చయ్యే నగరంలో మంచి కోటు తొడుక్కుని, ఛాతీకి అడ్డంగా సంఘం పట్టీ వేసుకుని, నడివీధిలో వేలమంది బారులు తీరడమంటే తాము మనుషులమనీ, ఓటు ఉన్న పౌరులమనీ చాటుకోవడమే.

ఆస్ట్రేలియాలోనూ ఇంతే. మొదటి ప్రపంచయుద్ధంలో నిర్బంధ సైనిక సేవను వ్యతిరేకించినందుకు మెల్‌బోర్న్ ఆర్చిబిషప్ డేనియల్ మానిక్స్‌కు ద్రోహి అన్న ముద్ర పడింది. ఆ నింద ఐరిష్ కాథలిక్కులందరి మీదా వాలింది. 1920 పాట్రిక్ పండుగకు ఆయన ఊరేగింపులో తెల్లగుర్రాల మీద 14 మంది సైనికులు సాగారు. వాళ్ళంతా యుద్ధంలో విక్టోరియా క్రాస్ పొందిన వీరులు. ద్రోహులన్నవాళ్ళకు అంతకంటే ఘాటైన జవాబు ఉంటుందా?

షికాగో నది రంగు కూడా వెకిలి వేషం కాదు. మురుగు ఎక్కడి నుంచి నదిలోకి కారుతోందో కనిపెట్టడానికి ప్లంబర్లు అప్పట్లో వాడిన రంగుతో మొదలైంది అది. 1962లో ప్లంబర్ల యూనియన్ దాన్నే పండుగకు వాడింది. చేతిలో ఉన్న పనిలోంచి పుట్టిన వేడుక అది.

ఈ ఊరేగింపులకు మచ్చ లేదని నేననను. న్యూయార్క్, బోస్టన్ నిర్వాహకులు స్వలింగ సంపర్కుల సంఘాలను ఏళ్ళ తరబడి తమ జెండాతో నడవనివ్వలేదు. బోస్టన్ నిర్వాహకులు 1995లో సుప్రీంకోర్టు దాకా వెళ్ళి గెలిచారు కూడా. 2015లోగానీ ఆ రెండుచోట్లా దారి తెరుచుకోలేదు. అది సిగ్గుపడాల్సిన అధ్యాయం. కరీబియన్ దీవి మోంట్‌సెరాట్ కథ ఇంకా చేదు. అక్కడ తోటల యజమానుల్లో ఐరిష్ వాళ్ళూ ఉన్నారు. 1768 మార్చి 17న యజమానులు పండుగలో మునిగి ఉండగా తిరగబడాలని బానిసలు పథకం వేశారు. గుట్టు బయటపడి నాయకులను చంపేశారు. ఇప్పుడు అక్కడ ఆ రోజు సెలవు, ఆ తిరుగుబాటు స్మారక దినం. బానిసల వారసులు తమది చేసుకున్న ఈ పండుగను నకిలీ అనే హక్కు ఎవరికుంది?

ఐర్లండ్ ప్రభుత్వం 1996లో డబ్లిన్‌లో భారీ సెయింట్ పాట్రిక్ ఉత్సవం మొదలుపెట్టింది. వలసదారులు శతాబ్దాలుగా వీధుల్లో చేస్తున్నదాన్నే మాతృదేశం అందిపుచ్చుకుంది. ఏటా మార్చిలో ఐర్లండ్ మంత్రులు విదేశాల్లో జరిగే ఈ వేడుకలకు స్వయంగా హాజరవుతారు. నకిలీ అనేవాళ్ళు ముందు దీనికి సమాధానం చెప్పాలి.