బ్రష్ అంటే భయం పోవాలంటే...

బ్రష్ చూపిస్తే చాలు... నోరు బిగించేస్తాడు. బలవంతంగా పెడితే చేయి కొరుకుతాడు. చివరికి అమ్మ విసిగిపోయి నోరు పుక్కిలించి సరిపెట్టేస్తుంది. ఆటిజం, డౌన్ సిండ్రోమ్, సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లల ఇళ్లలో చాలాచోట్ల కనిపించే దృశ్యమే ఇది.

'మాటలే సరిగా రాలేదు, పళ్ల సంగతి తర్వాత చూద్దాం' అనుకుంటారు కొందరు. కానీ పన్ను పుచ్చి నొప్పి పుట్టినా ఈ పిల్లల్లో చాలామంది ఆ మాట చెప్పలేరు. అన్నం మానేస్తారు, చెంప మీద కొట్టుకుంటారు, రాత్రిళ్లు ఏడుస్తారు. పెద్దవాళ్లు మొండితనం అనుకుంటారు. కదలకుండా కూర్చోలేని పిల్లలకు చిన్న చికిత్సకూ ఒక్కోసారి పూర్తి మత్తు ఇవ్వాల్సి వస్తుంది. అందుకే ఈ అలవాటు ముఖ్యం.

ఆటిజం ఉన్న కొందరికి కుచ్చు గరుకుదనం, పేస్టు నురగ, పుదీనా ఘాటు భరించలేనంతగా ఉంటాయి. 'కారం' అని ఉమ్మేస్తుంటే ఘాటు లేని పేస్టు వాడి చూడండి. మెత్తటి కుచ్చున్న చిన్న బ్రష్ ఎంచుకోండి. మొదటి రోజే నోట్లో పెట్టేయకండి. కొన్నాళ్లు చేత్తో పట్టుకోనివ్వండి. తర్వాత చెంపకు, పెదవులకు తాకించండి. ఆ తర్వాతే పళ్లు. అయిదు అంకెలు లెక్కపెట్టి ఆపేయండి. అన్నమాట ప్రకారం ఆపితేనే నమ్మకం కుదురుతుంది.

పళ్లు తోముకోవడం మనకు ఒకే పని. వీళ్లకు అది పది పనులు. బ్రష్ తీయడం, తడపడం, పేస్టు వేయడం... ఇలా ఒక్కో మెట్టుకూ ఫొటో తీసి అద్దం పక్కన వరసగా అంటించండి. సికింద్రాబాద్‌లో 1984లో ఏర్పాటైన జాతీయ మానసిక వికలాంగుల సంస్థ (ఇప్పుడు ఎన్ఐఈపీఐడీ) వంటి చోట్ల రోజువారీ పనులను ఇలా విడగొట్టే నేర్పుతారు. కావాలంటే చివరి మెట్టుతోనే మొదలుపెట్టండి. అన్నీ మీరు చేసి, బ్రష్ కడిగి గ్లాసులో పెట్టే పని బిడ్డకు వదలండి. అది వచ్చాక దాని ముందు మెట్టు. రోజూ అదే వేళకు, అదే చోట చేయించండి.

పిడికిలి సరిగా బిగియని పిల్లలకు బ్రష్ పిడికి గుడ్డ చుట్టి రబ్బరు బ్యాండు వేయండి, లేదా సైకిల్ హ్యాండిల్ తొడుగు తొడగండి. బిడ్డను ముందు కూర్చోబెట్టుకుని, వెనక నుంచి తల ఆనించి పట్టుకుంటే తోమడం తేలిక. మింగడం కష్టమైన పిల్లల తల మాత్రం వెనక్కి వాల్చకూడదు. ఉమ్మడం రాకపోతే పేస్టు పలచగా రాసి, తోమాక తడిగుడ్డతో తుడవండి. మూడేళ్లలోపు వాళ్లకు బియ్యపు గింజంత, మూడు నుంచి ఆరేళ్ల వాళ్లకు బఠాణీ గింజంత పేస్టు చాలు.

మూర్ఛకు ఫెనిటాయిన్ వాడే పిల్లల్లో చిగుళ్లు ఉబ్బొచ్చు. అలా కనిపిస్తే డాక్టరుకు చెప్పండి, మందు మాత్రం సొంతంగా ఆపొద్దు. తీపి సిరప్పులు తాగించాక నీళ్లు తాగించండి.

బిడ్డ తనంతట తాను తోముకోవడం మొదలుపెట్టినా, రాత్రి పడుకునే ముందు పెద్దవాళ్లు మరోసారి తోమాలి. నేర్చుకోవడానికి నెలలు పట్టొచ్చు. ఈ వారం బ్రష్‌ను చేత్తో పట్టుకున్నాడా? అదీ ఒక మెట్టే. భుజం తట్టండి.