గృహ నిర్వహణ: గోడలోని చప్పుడు

పాత ఇళ్లలో నివసించే కుటుంబాలకు ఒక చప్పుడు చిరపరిచితం. నల్లా కట్టేసిన మరుక్షణమే గోడ లోపల ఎవరో సుత్తితో మోదినట్లు ‘ధడ్’మని ఒక దెబ్బ వినిపిస్తుంది. ఒక్కోసారి అది రెండు మూడు సార్లు మారుమ్రోగి అరలోని గిన్నెలను సైతం కదిలిస్తుంది. పగటి సందడిలో దీనిని ఎవరూ పట్టించుకోరు. తహజ్జుద్‌కో ఫజ్ర్‌కో లేచి వుజూ చేసే వేళ, వీధి అంతా నిద్రలో ఉన్నప్పుడు, అదే చప్పుడు ఉమ్మడి గోడను దాటి పొరుగింటి పసిబిడ్డను మేల్కొలుపుతుంది.

ఈ చప్పుడు గురించి వినవచ్చే మాటలు రెండు రకాలు. “ఇంట్లో ఏదో ఉంది, ఆమిల్ సాహెబ్‌కు చూపించాలి” అనేది ఒకటి. “ప్లంబరు రెండుసార్లు వచ్చి వెళ్లాడు, అయినా తగ్గలేదు” అనేది మరొకటి. జిన్నాతుల ఉనికిని దివ్య ఖుర్ఆన్ ధ్రువీకరించింది. అది మన విశ్వాసంలో భాగమే. అయితే కంటికి కనిపించే కారణాన్ని వెదకకుండా ప్రతి చప్పుడునూ వారికి అంటగట్టి, తాయెత్తులకు డబ్బు ధారపోయడం విశ్వాసం కాదు, అజ్ఞానం. ఈ రెండు రకాల కుటుంబాలకూ మేము చెప్పగలిగినది ఒక్కటే: చప్పుడు ఎప్పుడు వస్తున్నదో ముందుగా గమనించండి. కారణం అందులోనే దాగి ఉంది.

దెబ్బ ఎలా పుడుతుంది?

పైపులో పరుగెత్తే నీటికి బరువు ఉంది. అరంగుళం పైపు 10 మీటర్ల పొడవున సుమారు 2 కిలోల నీటిని మోస్తుంది. ఆ నీరు వేగంగా సాగుతుండగా దారి ఒక్కసారిగా మూసుకుపోతే, వెనుక వస్తున్న నీరంతా ముందున్న నీటిని ఢీకొంటుంది. నొక్కితే కుదించుకుపోయే గుణం నీటికి దాదాపు లేదు గనుక ఆ వేగమంతా ఒత్తిడిగా మారి పైపును కొడుతుంది. ఆ ఒత్తిడి అల ఇనుప పైపులో సెకనుకు కిలోమీటరును మించిన వేగంతో అటూ ఇటూ పరుగెడుతుంది. ప్లంబర్లు ‘వాటర్ హ్యామర్’ అనేది దీనినే.

మాస్కో నగర నీటి గొట్టాలపై ప్రయోగాలు జరిపిన రష్యా శాస్త్రవేత్త నికొలాయ్ జుకోవ్‌స్కీ 1898లో దీని లెక్కను ప్రకటించాడు. ఆ లెక్క ప్రకారం ఇనుప పైపులో సెకనుకు 1 మీటరు వేగంతో సాగే నీటిని క్షణంలో ఆపితే, సుమారు 12 బార్ల అదనపు ఒత్తిడి పుడుతుంది. రెండంతస్తుల ఇంటి మీది ట్యాంకు నుంచి కింది నల్లాకు సహజంగా వచ్చే ఒత్తిడి 1 బార్‌కు లోపే. దెబ్బ ఎంత తీవ్రమైనదో దీనిని బట్టి ఊహించవచ్చు. ఇందులో మనకు పనికివచ్చే సూత్రాలు రెండు. నీటి వేగం సగమైతే దెబ్బ కూడా సగమవుతుంది. నల్లాను ఒకటి రెండు సెకన్లు తీసుకొని నెమ్మదిగా మూస్తే దెబ్బ చాలావరకు పుట్టనే పుట్టదు.

వేళను బట్టి కారణం

నల్లా మూసిన క్షణంలో ఒకే దెబ్బ వినిపిస్తే, అది పావు చుట్టుతో మూసుకునే కొత్త రకం నల్లాల వల్ల కావచ్చు. వాషింగ్ మెషిన్ నీరు పట్టడం ఆపినప్పుడు వస్తే, దానిలోని విద్యుత్ వాల్వు కారణం. అది రెప్పపాటులో మూసుకుంటుంది.

నల్లా సగం తెరిచినప్పుడు ‘గడగడ’మని ఎడతెగకుండా మోగితే, లోపలి వాషర్ అరిగిందనో వదులైందనో గ్రహించాలి. ఇది అన్నింటికన్నా చౌకైన మరమ్మతు.

మోటారు ఆగిన వెంటనే పెద్ద దెబ్బ వినిపిస్తే, ట్యాంకుకు ఎక్కుతున్న నీరు వెనుదిరిగి, దానిని అడ్డుకునే నాన్ రిటర్న్ వాల్వును గట్టిగా మూస్తున్నదన్నమాట. నీరు వెనుదిరగకముందే మూసుకునే స్ప్రింగ్ రకం వాల్వును బిగిస్తే ఈ బాధ చాలావరకు తీరుతుంది.

ఇక అర్ధరాత్రి ఎవరూ నల్లా ముట్టకుండానే వచ్చే చప్పుడు. భయాలకు మూలం సాధారణంగా ఇదే. మున్సిపల్ నీరు వేళకాని వేళ వచ్చే ఊళ్లలో సంపు నిండే దశలో పైనున్న తేలే బంతి అలలపై ఊగుతుంది. ఆ ఊపుకు వాల్వు పదేపదే మూసుకుంటూ తెరుచుకుంటూ పైపును కొడుతుంది. నీరు వచ్చే రాత్రి మాత్రమే చప్పుడు వస్తున్నదేమో వారం రోజులు చీటీ మీద రాసి చూడండి. చాలా ఇళ్లలో భయం అక్కడితో తొలగిపోతుంది.

పాత ఇంటికి ప్రత్యేకమైన చిక్కు

పాత జీఐ పైపుల లోపల తుప్పు పేరుకొని దారి ఇరుకవుతుంది. నీరు సన్నగా వస్తున్నదని కుటుంబం ప్రెషర్ పంపు పెట్టిస్తుంది. ఇరుకు దారిలో అదే నీరు మరింత వేగంగా పరుగెత్తవలసి వస్తుంది. వేగం పెరిగితే దెబ్బా పెరుగుతుంది. ఆ దెబ్బలన్నీ తుప్పుపట్టి బలహీనపడిన మరల అతుకుల మీదనే పడతాయి. పంపు పెట్టిన నాటి నుంచే చప్పుడు మొదలైన ఇంట్లో దాని ఒత్తిడి పెంచడం మందు కాదు, రోగాన్ని పెంచడమే. అక్కడ పంపు ఒత్తిడి తగ్గించాలి. వీలైనంత త్వరగా ఇరుకైన పైపును మార్చాలి.

ఖర్చు లేని పని నుంచి మొదలుపెట్టండి

మొదటిది, నల్లాను నెమ్మదిగా మూసే అలవాటు. పిల్లలకు కూడా నేర్పాలి. రెండవది, వాషింగ్ మెషిన్ నల్లాను సగమే తెరిచి ఉంచడం. మూడవది, బయటికి కనిపించే పైపులను చేతితో కదిపి చూడడం. క్లాంపు ఊడిన పైపు ప్రతి దెబ్బకూ గోడకు తగిలి చప్పుడును రెట్టింపు చేస్తుంది. పాత సైకిల్ ట్యూబు ముక్కను కింద పెట్టి క్లాంపును గట్టిగా బిగించండి. మలుపుల దగ్గర ఇది తప్పనిసరి. నాలుగవది, వాషర్లు మార్చడం. అప్పటికీ తగ్గకపోతే, దెబ్బ పుట్టే వాల్వుకు దగ్గరగా ‘వాటర్ హ్యామర్ అరెస్టర్’ను బిగించమని ప్లంబరును అడగండి. దానిలో బంధించిన గాలి మెత్తగా నొక్కుకొని దెబ్బను తనలోకి తీసుకుంటుంది. కొందరు మూత బిగించిన నిలువు పైపు ముక్కను ఇందుకు పెడతారు. అందులోని గాలి కాలక్రమంలో నీటిలో కలిసిపోతుంది గనుక అప్పుడప్పుడు లైనంతా ఖాళీ చేసి మళ్లీ నింపాలి.

పొరుగువాని హక్కు

ఇది కేవలం ఇంటి సౌకర్యానికి సంబంధించిన విషయం కాదు. ఎవరి కీడు నుంచి పొరుగువాడు సురక్షితంగా ఉండడో అతని విశ్వాసం పరిపూర్ణం కాదని మహాప్రవక్త (సల్లం) హెచ్చరించారు. ఒకరికి నష్టం కలిగించకూడదు, కలిగిన నష్టాన్ని తొలగించాలి అన్నది ఫిఖ్హ్ మూల సూత్రాలలో ఒకటి. ఆరాధన కోసం మనం తెరిచిన నల్లా పక్కింటి రోగి నిద్రను చెడగొడుతుంటే, ‘మేము నమాజుకే కదా లేచాము’ అన్న సమాధానం సరిపోదు. అతుకు వదిలి ఉమ్మడి గోడ చెమ్మగిల్లితే నష్టం మరింత పెద్దది. పడుకునే ముందు నల్లాలన్నీ కట్టి, ట్యాంకులో నీటిమట్టం వద్ద సుద్దతో గీత పెట్టండి. రాత్రి ట్యాంకులోకి నీరు ఎక్కకుండా చూడండి. తెల్లవారేసరికి మట్టం తగ్గితే ఎక్కడో లీకు ఉన్నట్లే. పొరుగువారు ఫిర్యాదు చేసేదాకా ఆగకుండా మనమే వారికి చెప్పి, మరమ్మతు చేయించడం ఉత్తమం.

అద్దె ఇళ్లలో ఈ బాధ్యత ఎవరిది? కట్టడానికి సంబంధించిన మరమ్మతు సాధారణంగా యజమానిదేనని ఫిఖ్హ్ పండితులు చెబుతారు. అయితే లోపాన్ని సకాలంలో అతనికి తెలియజేయడం అద్దెదారుని అమానత్.

మరమ్మతు పూర్తయ్యేలోగా తహజ్జుద్ వుజూకు రాత్రే లోటా నింపి ఉంచుకోండి. దైవప్రవక్త (సల్లం) ఒక ముద్ద్ నీటితో, అంటే లీటరుకు లోపు నీటితో, వుజూ చేసేవారని బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాలు తెలుపుతున్నాయి. ఒక లోటా నీరు మనకు చాలు. మరమ్మతు అయ్యాక కూడా నల్లాను సన్నని ధారగా తెరవడమే అలవాటు చేసుకుందాం. దుబారా తగ్గుతుంది, నీటి వేగం తగ్గుతుంది, గోడలోని దెబ్బ తగ్గుతుంది. మన ఆరాధన వల్ల పొరుగింటికి ఏ ఇబ్బందీ కలగకుండా చూసే సద్బుద్ధిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.