వెనక బెంచీ పిల్లల రక్తంలో ఏముందో ఎవరు చూడాలి?

పుదుచ్చేరి కొత్త బస్టాండుకు దగ్గరలోని ఒర్లియంపేట నుంచి జిప్మర్ ఆసుపత్రి కొద్ది కిలోమీటర్ల దూరమే. ఆటో ఎక్కితే చేరొచ్చు. కానీ ఆ పేటలో కూలి ఇంటి పిల్లవాడు తరగతిలో కుదురుగా కూర్చోకపోతే, చెప్పిన పని సగంలో మరిచిపోతే, అతను ముందు చేరేది వెనక బెంచీకి. డబ్బున్న ఇంట్లో అదే తీరుకు ఏడీహెచ్‌డీ అనే పేరు, వైద్యుడి అపాయింట్‌మెంటు, టీచరు ఓపిక దొరుకుతాయి. వాడ పిల్లవాడికి దొరికేది ‘వీడికి చదువబ్బదు’ అన్న తీర్పు. యానాంలోనైనా, గుంటూరులోనైనా ఇదే కథ.

ఈ రుగ్మతను పట్టిచ్చే రక్తపరీక్ష గానీ, మెదడు స్కాన్ గానీ ఇప్పటికీ లేవు. 2013లో అమెరికా ఎఫ్‌డీఏ మెదడు తరంగాలను కొలిచే ఒక పరికరాన్ని అనుమతించింది; అదీ వైద్యుడి పరీక్షకు తోడుగా మాత్రమే. నిర్ధారణకు ఆధారం పిల్లవాడిని గమనించడం, ఇంట్లో వాళ్ళనూ టీచర్లనూ అడగడం. లక్షణాలు 12 ఏళ్ళలోపే మొదలై ఉండాలి, ఇల్లు, బడి వంటి కనీసం రెండు చోట్ల కనబడాలి. అంటే టీచరు మాట ఇక్కడ వైద్య సాక్ష్యం. ఆ టీచరు చూపుకే కులం ఉంటే?

జన్యువుల పాత్ర పెద్దదే. కవలల అధ్యయనాలు వంశపారంపర్య వాటాను సుమారు 74 శాతంగా లెక్కగట్టాయి. 2023లో వెలువడిన ఒక పెద్ద జన్యు అధ్యయనం 27 స్థానాలను గుర్తించింది. ఒక్కొక్కదాని ప్రభావం అతి స్వల్పం. ఆ 74ను చూపి ‘పుట్టుకే అంత’ అనేవాళ్ళు మన క్యాంపస్‌లలో తక్కువేమీ లేరు. అది ఒక జనాభాలోని వ్యక్తుల మధ్య తేడాలను చెప్పే అంకె. రెండు సమూహాల మధ్య తేడా ఎందుకొచ్చిందో అది చెప్పదు. మనిషి శక్తి శారీరక వారసత్వం, సామాజిక వారసత్వం, సొంత కృషి అనే మూడింటి మీద ఆధారపడుతుందని బాబాసాహెబ్ 1936లోనే ‘కుల నిర్మూలన’లో వాదించారు. మొదటిదాన్ని ఆయన కాదనలేదు. రెండోదాన్ని లెక్కలోంచి జారవిడవలేదు, అంతే.

ఆ రెండో వారసత్వంలో గాలి, నీళ్ళు, తల్లి తిన్న తిండి కూడా ఉన్నాయి. కోయంబత్తూరు ప్రాథమిక పాఠశాలల మీద 2013లో అచ్చయిన అధ్యయనం 11.32 శాతం పిల్లల్లో ఏడీహెచ్‌డీని గుర్తించింది. దిగువ ఆర్థిక వర్గంలో అది 16.33 శాతం, మధ్య వర్గంలో 6.84. ఒక్క అధ్యయనంతో తీర్మానాలు చేయకూడదు. గర్భిణి పొగ తాగడం వల్లే వస్తుందని ఒకప్పుడు గట్టిగా చెప్పినవాళ్ళు, తోబుట్టువులను పోల్చి చూశాక స్వరం తగ్గించుకోవాల్సి వచ్చింది. అయినా నెలలు నిండని కాన్పు, తక్కువ బరువుతో పుట్టడం, రక్తంలో సీసం అనే మూడింటికీ ఏడీహెచ్‌డీతో సంబంధం మళ్ళీ మళ్ళీ కనబడుతూనే ఉంది.

మన దేశంలో సీసం కలిపిన పెట్రోలు 2000లో ఆగింది. ఇళ్ళ రంగుల్లో సీసానికి 2017 నుంచి పరిమితి ఉంది. అయినా రక్తంలో డెసిలీటరుకు 5 మైక్రోగ్రాములకు మించి సీసం ఉన్న భారతీయ పిల్లలు సుమారు 27.5 కోట్ల మంది అని 2020లో యునిసెఫ్ నివేదిక అంచనా వేసింది. పాత బ్యాటరీలు పగలగొట్టి సీసం కరిగించేది ఎవరో, ఆ కొలుముల పక్కన ఎవరి ఇళ్ళుంటాయో ఈ పాఠకులకు చెప్పనక్కర్లేదు.

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం పలు ఆరోగ్య సమస్యల కోసం బడి పిల్లలను పరీక్షిస్తుంది. ఆ జాబితాలో ఏడీహెచ్‌డీ ఉంది, తీవ్ర రక్తహీనత ఉంది. సీసం లేదు. 2020 డిసెంబరులో ఏలూరులో వందలాది మంది మూర్ఛలతో కుప్పకూలాక గానీ రక్త నమూనాలు ఢిల్లీ ఎయిమ్స్‌కు వెళ్ళలేదు. అప్పుడు సీసం, నికెల్ బయటపడ్డాయి. చూపు తర్వాత పురుగుమందుల వైపు మళ్ళింది. మూర్ఛ రాని పిల్లల రక్తం సంగతి అక్కడితో సరి.

ఇక 2016 వికలాంగుల హక్కుల చట్టం 21 వైకల్యాలను లెక్కించింది. వాటిలో నేర్చుకునే సామర్థ్యానికి సంబంధించిన లోపాలున్నాయి, ఏడీహెచ్‌డీ పేరు విడిగా లేదు. పరీక్షలో అదనపు సమయం అడగడానికి కూడా పిల్లవాడి తండ్రి ఏ గుమ్మం ఎక్కాలో తెలియని పరిస్థితి. ఈ జాబితాలో సీసం పరీక్ష చేర్చాలి, మొదట బ్యాటరీ కొలుముల చుట్టుపక్కల బడుల్లో చేయాలి. ఫలితాలను కులం వారీగా నమోదు చేసి బయటపెట్టాలి. జాతీయ సంస్థ ఊళ్ళోనే ఉన్న పుదుచ్చేరి దీన్ని ఒర్లియంపేట బడుల నుంచి మొదలుపెట్టవచ్చు.