కొండచిలువ, కుక్కపిల్ల, కెమెరా

బాలలూ! ఇటువంటి వీడియో మీలో చాలామంది సెల్‌ఫోనులో చూచే వుంటారు. ఒక కొండచిలువ కుక్కపిల్లను చుట్టుకొని వుంటుంది. పిల్ల కుయ్యో మొర్రో అంటుంది. ఇంతలో ఒక మనిషి పరుగెత్తుకొని వచ్చి, పామును విడదీసి, పిల్లను ఎత్తుకుంటాడు. మా తుర్కపల్లిలో తొమ్మిదో తరగతి పిల్లలు దీన్ని చూపించి, "ఎంత మంచివాడో చూడండి సార్!" అన్నారు. నా అభిప్రాయం వేరు.

ముందు పామును చూడండి. కొండచిలువ ఎక్కువగా రాత్రిపూట, కదలకుండా పొంచి వుండి వేటాడుతుంది. దొరికిన ప్రాణిని పళ్ళతో కరచి పట్టుకొని, క్షణాల్లో బిగించి చుడుతుంది. వీడియోలోని పాము నోటితో దేన్నీ పట్టుకోలేదు. పూలదండలా వదులుగా వుంది. తల అవతలికి తిప్పి, పారిపోయే దారి వెతుకుతున్నది. అది బెదిరిన పాము నడవడి. ఇక కెమెరా సంగతి. పట్టపగలు, మూడు నాలుగు వైపుల నుంచి తీసిన దృశ్యాలు! కాపాడేవాడి కంటే ముందే కెమెరా అక్కడికి ఎట్లా వచ్చింది? అది పట్టుకున్నవాడు అంతసేపూ ఏం చేస్తున్నట్టు?

మా వూరి చుట్టూ జీనోమ్ వ్యాలీ పరిశోధనాలయాలున్నాయి. అక్కడ ఎవరైనా ఒక ఫలితం చెబితే, అది ఎట్లా వచ్చిందో కూడా చెప్పాలి. ఈ వీడియోలో ఫలితం ఒక్కటే వుంది, పద్ధతి లేదు.

ఇది కొత్త విద్య కూడా కాదు. 1958లో డిస్నీ సంస్థ వారి 'వైట్ వైల్డర్‌నెస్' చిత్రంలో లెమ్మింగులనే చిన్న ఎలుకజాతి ప్రాణులు గుంపుగా కొండ అంచు నుంచి నీళ్ళలోకి దూకుతాయి. దానికి ఆస్కార్ బహుమతి వచ్చింది. 1980 తరువాత కెనడా టెలివిజన్ వారు ఆరా తీస్తే, వాటిని వేరేచోట కొని తెచ్చి, తోసి చిత్రం తీశారని బయటపడింది. లెమ్మింగులు ఆత్మహత్య చేసుకుంటాయని నమ్మేవాళ్ళు నేటికీ వున్నారు.

మన గంగిరెద్దులాయన ఇంతకంటే నిజాయితీపరుడు. "అమ్మగారికి దండం పెట్టు" అనగానే ఎద్దు తల వూపుతుంది. కాని నేర్పినవాడు, డోలు, ముకుతాడు అన్నీ మన కళ్ళెదుటే వుంటాయి. జర్మనీలో హాన్స్ అనే గుర్రం కాలితో తట్టి లెక్కలు చేస్తుందని పెద్దపెద్దవాళ్ళే నమ్మారు. 1907లో ఆస్కర్ ఫంగ్‌స్ట్ పరీక్షించి, ప్రశ్న అడిగేవారి తల చిన్నగా కదలడం గమనించి గుర్రం తట్టడం ఆపుతున్నదని తేల్చాడు. పాపం, ఆ సంగతి యజమానికే తెలియదు! కనుక జంతువును చదవాలంటే పక్కనున్న మనిషిని కూడా చదవాలి. వీడియోలో దాచేది ఆ మనిషినే.

మన మనసులో భావాన్ని జంతువుకు అంటగట్టడం మరొక పొరపాటు. కోతి పళ్ళు ఇకిలిస్తే చాలాసార్లు అది భయం, నవ్వు కాదు. మన దేవాంగపిల్లికి దాయాది అయిన స్లో లోరిస్ అనే జంతువు చక్కిలిగింతలకు మురిసి చేతులెత్తిందని 2009 నాటి వీడియో చూచి లక్షలమంది ముచ్చటపడ్డారు. మోచేతి దగ్గరి విషగ్రంథిని నోటికి అందేటట్టు పెట్టుకొనే ఆత్మరక్షణ భంగిమ అది.

"కుక్కపిల్ల బతికింది గదా సార్, చూస్తే నష్టమేమిటి?" అని ఒక అమ్మాయి అడిగింది. మంచి ప్రశ్న. చూచేవారు పెరిగినకొద్దీ తీసినవాడికి డబ్బు. తరువాతి వీడియోకు మరో కుక్కపిల్ల కావాలి. 2021లో యూట్యూబ్ వారు ఇటువంటి కల్పిత రక్షణలను నిషేధించినా అవి ఆగలేదు. నన్ను ఇంకా భయపెట్టేది, పామును చేత్తో విడదీయడం సులువని మీరు అనుకోవడం. మన చేల గట్ల మీద తిరిగేవి నాగుపాములు, రక్తపింజరులు, కట్లపాములు.

నల్లమలలో అమ్రాబాద్ అభయారణ్యంలో పులుల కోసం చెట్లకు కెమెరాలు కట్టి వుంచుతారు. అక్కడ మనిషి వుండడు. జంతువు దారిన పోతుంటే కెమెరా తనంత తానే బొమ్మ తీస్తుంది. చాలాసార్లు సగం తోకో, వట్టి గడ్డో పడుతుంది. నాకైతే ఆ బొమ్మలే ఇష్టం.