ఉడుంపట్టు

పట్టు అనే మాటకు మన భాషలో అర్థాలు చాలా ఉన్నాయి. పెళ్లిచీరది ఒక పట్టు, మొండివాడిది ఒక పట్టు, పహిల్వానుది ఒక పట్టు. ఈ వారం నేను చెప్పబోయేది కారు చక్రానికి నేలమీద ఉండే పట్టు. తెలుగు మేష్టారికి ఈ గొడవ ఎందుకంటారా? టెక్సాస్‌లో ఉద్యోగం చేస్తున్న మా మేనల్లుడి పుణ్యం!

అమెరికాలో డ్రాగ్ రేస్ అని ఒక పందెం ఉంది. తిన్నని బాట, పావు మైలు, అంటే 1,320 అడుగులు. నిలిచి ఉన్న రెండు కార్లు ఒక్కసారి బయలుదేరాలి; ముందు చేరినదానిది గెలుపు. 1951లో కాలిఫోర్నియాలో వాలీ పార్క్స్ జాతీయ హాట్ రాడ్ సంఘాన్ని స్థాపించి, వీధుల్లో పందాలు వేసే కుర్రకారును నియమాలున్న బాటల మీదకు మళ్లించాడు.

మావాడిది 1995 నాటి మస్టాంగ్. ఆఫీసుకూ అదే, పందానికీ అదే. పందెం టైర్లు కొని తీసుకుపోతే, షెడ్డులోని ముసలి మెకానిక్ బిగించనన్నాడట. "ముందు ఇరుసు సంగతి చూసుకో" అన్నాడట. మావాడు అలిగాడు. నాకు మాత్రం ఆసక్తి పుట్టి విచారించాను. ముసలాయన మాటే నిజం.

మామూలు టైరు, గట్టిగా తొక్కితే, గిర్రున జారుతుంది. ఆ జారడమే కారుకు రక్ష. పందెం టైరు మెత్తని రబ్బరు, నున్నగా ఉంటుంది. గాలి కూడా 10–15 పౌండ్లే. నేలను ఉడుములా కరుచుకుంటుంది. చక్రం జారనంటే ఇంజను దెబ్బ ఎక్కడికి పోవాలి? ఇరుసు మీదా, పళ్లచక్రాల మీదా, శక్తిని వెనక్కు మోసుకొచ్చే షాఫ్టు మీదా పడుతుంది. ఏది బలహీనమో అది విరుగుతుంది. క్లచ్చి బండికైతే దెబ్బ మరీ ఎక్కువ.

మన ఎడ్లబండికి చక్రం ఊడకుండా ఇరుసు బయటి కొసన కడచీల ఉంటుంది. ఈ కారుకు ఆ పని చేసే చిన్న కొక్కెం ఇరుసు లోపలి కొసన ఉంటుంది. నడుమ ఇరుసు విరిగిందా, బయటి ముక్కతో సహా చక్రం ఊడి రావచ్చు! అందుకే 28 పళ్ల ఇరుసు తీసి 31 పళ్ల లావుపాటిది వేస్తారు. దాన్ని బయటి కొసనే పట్టి ఉంచే అమరిక చేస్తారు. షాఫ్టు విరిగితే నేలకు గుచ్చుకోకుండా, ముందువైపు దాని చుట్టూ ఇనుప వలయం బిగిస్తారు.

ఇక చక్రాలు. టైరు ప్రక్కలు ముడతలు పడుతూ దెబ్బను మింగాలి గనుక వాటికి ఎత్తు కావాలి. అందుకని 17 అంగుళాల చక్రం తీసి 15ది వేస్తారు. అది బ్రేకులకు తగలకూడదు. నట్టులో మర పట్టిన పొడవు బోల్టు మందానికి తగ్గరాదని పందెం నియమం. గాలి తక్కువ కనుక టైరును వదిలి చక్రమొక్కటే తిరగవచ్చు. అది జరగకుండా అంచుకు మరమేకులు దిగవేస్తారు. టైరు ఎత్తు 26 అంగుళాల నుంచి 28కి పెరిగితే, 3.73 పళ్ల నిష్పత్తి 3.46లా పనిచేస్తుంది, బయలుదేరే ఊపు ఆ మేరకు తగ్గుతుంది.

ఆ నున్నని టైర్లతో ఇంటికి రావడం కూడదు. వాననీటిని దారి మళ్లించే చాళ్లు వాటికి లేవు. బాట దగ్గరే విప్పి, మామూలువి తగిలించుకోవాలి.

వేగం వద్దని చెబితే కుర్రాళ్లు వినరు. పై దేశంలో బిడ్డలున్న తల్లిదండ్రులారా, "ఏ టైరు కొన్నావు?" అని కాక, "ఇరుసు మార్చావా?" అని అడిగి చూడండి.